కలగలుపు మేకలలో జాతి గుర్తించుట - విత్తనపు పోతును ఎన్నుకొనుట

మేకల పెంపకమునకు పూనుకొనిన రైతు సంతలో అడుగు మొదటి ప్రశ్న "ఇది ఏ జాతి?" అనునదే. అమ్మువాడు తడుముకొనక "అసలు జమునాపారి అన్నా, చెవులు చూడు" అని చెప్పును. చెవులు పొడవుగానే యుండును. ఆ చెవులను చూచి రైతు ఎక్కువ ధర పెట్టి పోతును కొనును. ఏడాది గడచిన పిమ్మట ఆ పోతుకు పుట్టిన పిల్లలు తమ తల్లులకన్న పెద్దవి కాకపోయినచో రైతు నష్టపోవునది ఆ పోతు వెల మాత్రమే కాదు. మందలోని ఆడమేకల ఒక ఏడాది ఈతలన్నియు వ్యర్థమైనట్లే.

కావున కలగలుపు మేకలో జాతిని ఎంతవరకు గుర్తింపవచ్చును, ఎక్కడ గుర్తింపలేము, గుర్తింపలేనప్పుడు దేనిని నమ్మి విత్తనపు పోతును ఎన్నుకొనవలెను అను మూడు విషయములను ఈ వ్యాసమున వివరించుచున్నాము.

జాతి మేక, నాటు మేక, కలగలుపు మేక

ఒక ప్రాంతమున తరతరములుగా పెరుగుచు, రూపములోను గుణములలోను ఒకదానిని మరియొకటి పోలి, తమ పోలికలనే పిల్లలకు ఇచ్చు మేకలను ఒక జాతి అందుము. మన దేశమున ఇట్టి జాతులను పరిశీలించి నమోదు చేయు సంస్థ హర్యానాలోని కర్నాలులో గల జాతీయ పశు జన్యు వనరుల సంస్థ. ఏ జాతికిని చెందనివానిని నాటు మేకలందుము. రెండు మూడు జాతుల పోలికలు, నాటు పోలికలు కలిసినది కలగలుపు మేక.

2019వ సంవత్సరపు పశుగణనలో తెలంగాణలో మేకల సంఖ్య సుమారు 49 లక్షలు. వీనిలో అధిక భాగము నాటువి, కలగలుపువి. దేశము మొత్తము మీద చూచినను సగమునకు మించి ఏ జాతికిని చెందని మేకలే. కావున మీ దొడ్డిలోని మేకకు జాతి పేరు లేదని చిన్నబోవలసిన పని లేదు. నాటు మేక మన ఎండలకు, మన తుమ్మ కంపలకు, మన రోగములకు తట్టుకొని నిలిచినది. ఆ గుణము వెల పెట్టి కొన్నను దొరకదు.

మందలు కలగలుపు అగుటకు ముఖ్య కారణము మగపిల్లలను వేరు చేయకపోవుటయే. మేకపిల్ల నాలుగైదు నెలలకే దాటగలదు. మందలో తిరుగు నాలుగైదు చిన్న పోతులలో ఏది ఏ మేకను దాటినదో కాపరికి తెలియదు. పొరుగు మందలతో కలిసి మేయునప్పుడు ఆ మాత్రపు జాడ కూడ తప్పును. తండ్రి తెలియని పిల్లకు జాతి చెప్పుట ఊహయే.

కొన్ని జాతుల ఆనవాళ్ళు

మన ప్రాంతపు సంతలలో వినవచ్చు జాతుల ముఖ్య లక్షణములు ఇవి:

ఉస్మానాబాదీ: మనకు మిక్కిలి సమీపమైన జాతి. దీని పుట్టినిల్లు మహారాష్ట్రలోని ఉస్మానాబాదు, లాతూరు ప్రాంతములు. ఉస్మానాబాదు జిల్లా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోనిదే. 2023లో దానికి ధారాశివ్ అను పేరు పెట్టిరి. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరు 1918లో హైదరాబాదున స్థాపితమైన విశ్వవిద్యాలయమునకును, ఆ జిల్లాకును, జిల్లా ద్వారా ఈ మేకకును వచ్చినది. రంగు ఎక్కువగా నలుపు. గోధుమ, తెలుపు, మచ్చలు గలవి కూడ కలవు. చెవులు మధ్యరకపు పొడవుతో వ్రేలాడును. ఆడమేకలలో కొమ్ములు గలవియు, బోడివియు గలవు. ఎదిగిన పోతు సుమారు 34 కిలోలు, ఆడమేక సుమారు 32 కిలోలు తూగును. కవల పిల్లలను ఈనుట ఎక్కువ. కరువు నేలకు తగినది.

జమునాపారి: ఉత్తర ప్రదేశ్‌లోని ఇటావా ప్రాంతపు జాతి. మన దేశపు మేకలలో మిక్కిలి పొడవైన వానిలో ఒకటి. ముక్కు దూలము చిలుక ముక్కువలె బాగుగా వంపు తిరిగి యుండును. చెవులు జానెడుకు మించి పొడవై, మడతపడి వ్రేలాడును. వెనుక తొడలపై దట్టమైన పొడవాటి వెండ్రుకలు కుచ్చులుగా నుండును. తెలుపు రంగు ఎక్కువ. పాలకు పేరు గాంచినది.

బీటల్: పంజాబు జాతి. జమునాపారిని పోలియుండును గాని కొంచెము చిన్నది. ముక్కు వంపు గలదు. చెవులు పొడవై బల్లపరుపుగా వ్రేలాడును. రంగు నలుపు గాని, ఎరుపు గోధుమ గాని, వాటిపై తెల్ల మచ్చలు గాని యుండును.

సిరోహి: రాజస్థాన్ జాతి. గోధుమ వన్నెపై ముదురు లేక లేత మచ్చలుండును. చెవులు ఆకువలె వెడల్పుగా వ్రేలాడును. బిగువైన శరీరము. మాంసమునకును కొంత పాలకును ఉపయోగించును.

బార్బరీ: ఆగ్రా, మథుర, ఏటా ప్రాంతముల జాతి. పొట్టిది. చెవులు చిన్నవై, నిక్కబొడుచుకొని యుండును. తెలుపుపై లేత గోధుమ మచ్చలు, జింకపిల్లను తలపించును. కట్టివేసి మేపుటకు అనువైనది.

నల్ల బెంగాలు: తూర్పు దేశపు పొట్టి మేక. ఎక్కువగా నలుపు. ఎదిగిన ఆడమేక 20 కిలోల చుట్టుపక్కల మాత్రమే తూగును. కవలలను, ముగ్గురు పిల్లలను కూడ ఈనును. చర్మమునకు మంచి పేరు.

బోయర్: దక్షిణాఫ్రికా నుండి వచ్చిన మాంసపు జాతి. తెల్లని ఒడలు, ఎర్రని తల, వ్రేలాడు చెవులు, వెడల్పైన ఛాతీ దీని గుర్తులు.

ఒక మందను పరిశీలింతము

పుస్తకములో లక్షణములు చదువుట సులభము. దొడ్డిలో నిలిచి చెప్పుట కష్టము. కావున ఒక ఉదాహరణ తీసుకొందము. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణ విశాలమైనది. దానిని ఆనుకొని తార్నాక బస్తీ గలదు. ఆ ఆవరణలో 1939లో ప్రారంభమైన ఆర్ట్సు కళాశాల రాతి భవనమునకు దూరముగ, చెట్ల నీడన ఒక కలగలుపు మేకల మంద నిలిచినదని ఊహించుకొనుడు. నగరపు పొలిమేరలోని మందలలో సంతల నుండి వచ్చిన రకరకముల మేకలు చేరుట సహజము. వానిలో ఐదింటిని ఒక్కొక్కటిగా చూతము.

మొదటిది నల్లని ఆడమేక; చెవులు మధ్యరకము, వ్రేలాడుచున్నవి; కొమ్ములు లేవు. ఉస్మానాబాదీ అనవచ్చునా? రంగు, చెవి, పరిమాణము మూడును సరిపోయినవి. అయినను మన నాటు మేకలలో నల్లనివి కోకొల్లలు. కొన్న ఊరు, దాని తల్లిదండ్రులు తెలిసినప్పుడే నిశ్చయముగ చెప్పవలెను. లేనిచో "ఉస్మానాబాదీ పోలిక గలది" అనుటయే న్యాయము.

రెండవది తెల్లని పోతు. చెవులు చాల పొడవు. కాపరి దానిని జమునాపారి అనును. ముక్కు చూడుడు: వంపు చాల కొంచెము. తొడలు చూడుడు: కుచ్చు వెండ్రుకలు లేవు. ఎత్తు సాధారణము. మూడు గుర్తులలో ఒకటి మాత్రమే సరిపోయినది. దీని తాత తండ్రులలో ఎవరో పొడవు చెవులు గలవారుండిరని మాత్రమే చెప్పగలము.

మూడవది ఎర్రని తల, తెల్లని ఒడలు గల పిల్ల. రంగును బట్టి బోయర్ అనుకొందురు. కాని ఛాతీ ఇరుకు, తొడ పలుచన. రంగు వచ్చినది, మాంసము రాలేదు.

నాలుగవది చిన్న నిక్కిన చెవులు, గోధుమ మచ్చలు గల పొట్టి ఆడమేక. బార్బరీ గుర్తులు కొన్ని కలవు. అయినను నాటు మేకలలోను చిన్న చెవులవి పుట్టును.

ఐదవది మెడ క్రింద రెండు చన్నులు వ్రేలాడు బూడిద రంగు మేక. ఇది ఏదో మేలు జాతి గుర్తని కొందరు నమ్ముదురు. మేకమెడ చన్నుల వలన పాలును రావు, జాతియు తెలియదు. అనేక జాతులలోను, నాటు మేకలలోను ఇవి కనబడును. నిష్ప్రయోజనమైన దానికి మన పెద్దలు మేకమెడ చన్నులను ఉపమానముగ చెప్పుట ఊరక కాదు.

ఈ ఐదింటి వలన తెలియునదేమి? ఒక్క గుర్తును బట్టి జాతి చెప్పరాదు. ముక్కు, చెవి, కొమ్ము, వెండ్రుక, ఎత్తు, రంగు అన్నియు కలిసి సరిపోవలెను. పుట్టిన ప్రాంతము తెలియవలెను. దాని తోబుట్టువులును అదే పోలికలో నుండవలెను. కవలలలో ఒకటి పొడవు చెవులతోను మరియొకటి పొట్టి చెవులతోను పుట్టినచో ఆ వంశము కలగలుపని నిశ్చయింపవచ్చును.

రంగు ఎందుకు మోసగించును?

తండ్రి నుండి సగము, తల్లి నుండి సగము గుణబీజములు పిల్లకు వచ్చును. రంగును, కొమ్ములను నిర్ణయించునవి కొలది గుణబీజములే. అవి ఒక్క ఈతలోనే బయటపడును. పెరుగుదల, పాలు, రోగము తట్టుకొను శక్తి అట్లు కాదు. వానిని వందల గుణబీజములు తలకొంచెము నిర్ణయించును. కావున బోయర్ తల రంగు పిల్లకు వచ్చి బోయర్ పెరుగుదల రాకపోవుటలో వింత లేదు. రంగును చూచి కొనువాడు డబ్బా మీది కాగితమును చూచి లోని విత్తనమును కొన్నట్లే.

ఈ విషయమున తార్నాక పొరుగుననే ఒక ముఖ్యమైన పరిశోధన జరిగినది. తార్నాక నుండి ఉప్పల్ పోవు రోడ్డు మీద, జనులు సీసీఎంబీ అని పిలుచు కణజీవశాస్త్ర పరిశోధన సంస్థ గలదు. అచ్చటి శాస్త్రజ్ఞులు మథుర సమీపమున మఖ్దూమ్‌లోని కేంద్ర మేకల పరిశోధన సంస్థ వారితో కలిసి, పది భారతీయ జాతులకు చెందిన 363 మేకల డీఎన్‌ఏను పరిశీలించి 2004లో ఫలితములు ప్రకటించిరి. తల్లి నుండి మాత్రమే పిల్లకు సంక్రమించు డీఎన్‌ఏ భాగమును వారు చూచిరి. అందు కనబడిన భేదములలో ఎక్కువ భాగము ఒక జాతికిని మరియొక జాతికిని మధ్య గాక, ఒకే జాతిలోని మేకల మధ్యనే యుండెను. మేక మనుష్యునితో సులభముగ ప్రయాణము చేయు జంతువు. సుమారు పదివేల ఏండ్ల క్రితము పశ్చిమాసియాలో మచ్చికయైన నాటి నుండి వర్తకుల వెంట, వలసల వెంట నడచుచు ఒకదానితో ఒకటి కలియుచునే వచ్చినది.

రైతుకు దీని నుండి ఒక పాఠము గలదు. ఒకే జాతి పేరు గల రెండు పోతుల మధ్య కూడ ఎంతో తేడా యుండును. జాతి పేరు మంచి పోతును వెదకుటకు దారి చూపును గాని, ఏది మంచి పోతో అది చెప్పదు. అది చెప్పునది తూకము, తల్లి చరిత్ర, శరీర పరీక్ష.

మంచిదానిని అమ్మి, చెడ్డదానిని ఉంచుకొనుట

మన ఊళ్ళలో ఒక అలవాటు గలదు. మగపిల్లలలో అన్నిటికన్న ముందుగ బలిసినది బక్రీదుకో, జాతరకో, ఊరి పెండ్లికో అమ్ముడుపోవును. ఎవరును కొనక మిగిలినది మందలో తిరుగుచు ఆడమేకలను దాటును. ప్రతి సంవత్సరము ఇట్లే జరిగినచో మనమే చేజేతుల పెరుగుదల తక్కువైన వంశమును ఎన్నుకొనుచున్నామన్నమాట. నాటు మేక చిన్నదగుటకు మేత కొరత ఒక కారణము. ఈ అలవాటు మరియొకటి.

లెక్క చూతము. మీకు 30 ఆడమేకలు గలవు. ఏడాదికి 40 పిల్లలు బ్రతుకుననుకొందము. తొమ్మిది నెలల వయస్సున మీ మగపిల్లల సగటు తూకము కన్న ఒకటి 6 కిలోలు అధికముగ తూగినది. ఈ ఆధిక్యములో కొంత మేత వలన, కొంత తల్లిపాల వలన వచ్చును. వంశము వలన వచ్చునది సుమారు పదింట మూడు వంతులు. అనగా 1.8 కిలోలు. పిల్లకు తండ్రి నుండి వచ్చునది సగమే కావున ఒక్కొక్క పిల్లకు 900 గ్రాములు. 40 పిల్లలకు 36 కిలోలు.

ఇప్పుడు దానిని అమ్మివైచి, సగటు కన్న 3 కిలోలు తక్కువ తూగు దానిని ఉంచుకొంటిరనుకొనుడు. అదే లెక్క ప్రకారము ఒక్కొక్క పిల్ల 450 గ్రాములు తగ్గును. మొత్తము 18 కిలోలు. రెండు దారులకు మధ్య వ్యత్యాసము ఏడాదికి 54 కిలోల బరువు. మీ సంతలో కిలో ధర ఎంతో మీకే తెలియును; గుణించి చూచుకొనుడు. జాతరకు ఆ పోతును అమ్మిన వచ్చు ఎక్కువ ధర దీని ముందు ఏపాటిది? పైగా ఆ పోతు ఎక్కడికిని పోదు. మందలో పని తీరిన పిమ్మట దానిని అమ్ముకొనవచ్చును.

విత్తనపు పోతును పరీక్షించు విధము

వంశము: మొదట పోతును గాక దాని తల్లిని చూడుడు. తల్లి ఎన్ని ఈతలు ఈనినది, ఎన్ని కవలలను పెంచినది, పిల్లలు మూడు నెలలకు ఎట్లుండినవి అని అడుగుడు. కవలలలో పుట్టి, బాగుగ పెరిగిన పోతు శ్రేష్ఠము. సంతలో తల్లి కానరాదు. కావున విత్తనపు పోతును సంతలో గాక, పెంచిన రైతు దొడ్డిలోనే కొనుట మేలు.

వయస్సు: పళ్ళను బట్టి తెలిసికొనుడు. మేకకు క్రింది దవడ ముందుభాగమున 8 పాలపళ్ళుండును. ఏడాది నుండి ఏడాదిన్నర లోపల నడిమి రెండు ఊడి పెద్దపళ్ళు వచ్చును. రెండేండ్లకు నాలుగు, మూడేండ్ల లోపల ఆరు, నాలుగేండ్లకు ఎనిమిది పళ్ళు నిండును. రెండుపళ్ళ పోతును కొనుట మంచిది.

దవడ: పై దవడ ముందు పళ్ళుండవు, గట్టి చిగురు మాత్రముండును. క్రింది పళ్ళు ఆ చిగురుకు సరిగా తగులవలెను. ముందుకు పొడుచుకొని వచ్చినను, వెనుకకు పోయినను మేత కొరుకలేదు. ఈ లోపము పిల్లలకును రావచ్చును.

కాళ్ళు: గట్టి నేల మీద నడిపించి చూడుడు. వెనుక కాళ్ళు నిటారుగ, ఎడముగ నుండవలెను. మోకాళ్ళు ఒకదానితో ఒకటి రాచుకొనరాదు. దాటునప్పుడు బరువంతయు వెనుక కాళ్ళ మీదనే పడునని మరువకుడు.

విత్తులు: రెండును సంచిలోనికి దిగి, ఒకే పరిమాణముతో, బిగువుగ నుండవలెను. చేతితో తడిమి చూడుడు. ఒకటియే యున్న పోతును, గడ్డలున్న పోతును విడిచిపెట్టుడు.

కొమ్ములు: ఇది చాలమంది ఎరుగని విషయము. బోడి పోతును బోడి ఆడమేకకు దాటించరాదు. అట్లు దాటించినచో పుట్టు ఆడపిల్లలలో సుమారు నాలుగింట ఒకటి ఆడదియు గాక మగదియు గాక పేడిగ పుట్టి, ఎన్నటికిని చూలు కట్టదు. కొమ్ములు లేకుండ చేయు గుణబీజపు మార్పే దీనికి కారణమని 2001లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. మన మందలలో బోడి ఆడమేకలు పెక్కు గలవు కావున పోతుకు పుట్టుకతో కొమ్ములుండుట అవసరము.

ఆడమేకలను ఎన్నుకొనుట

ఆడమేకలో మొదట చూడవలసినది పొదుగు. మెత్తగ, పట్టుకు పట్టువలె నుండి, పాలు పిదికిన పిమ్మట ముడుచుకొనవలెను. గట్టి గడ్డలు, ఒక ప్రక్క ఎండిపోవుట పనికిరావు. చన్నులు రెండే యుండి, పిల్ల నోటికి అందునట్లుండవలెను. నేలకు రాయు చన్నులను ముండ్లు గీరును. పొట్ట వెడల్పుగ, తుంటి ఎముకలు ఎడముగ నున్న మేక సుఖముగ ఈనును.

రూపము కన్న చరిత్ర ముఖ్యము. క్రమముగ ఎదకు వచ్చి, మొదటి దాటింపులోనే నిలిచి, పిల్లలను చావకుండ పెంచు మేకను, దానికి చెవులు పొట్టివైనను, రంగు బాగులేకపోయినను విడువకుడు. రెండు ఎండకాలములు గడచినను చూలు కట్టనిదానిని, పిల్లను దగ్గరకు రానీయనిదానిని, మాటిమాటికి రోగపడుదానిని అందమైనదైనను తీసివేయుడు. ఆడపిల్లను తొలిసారి దాటించుటకు వయస్సు మాత్రమే చాలదు. ఎదిగిన మేక బరువులో మూడింట రెండు వంతులకు రావలెను. మంచి మేత దొరికినచో ఇది పది, పన్నెండు నెలలకు జరుగును.

ఒక నోటుపుస్తకము, ఒక త్రాసు

ఇంత ఎంపికకు కావలసిన సాధనములు రెండే. కొక్కెపు త్రాసు ఒకటి, నోటుపుస్తకము ఒకటి. గోనెసంచిని ఉయ్యాలగ కట్టి పిల్లను తూచవచ్చును. ప్రతి మేకకు చెవిపోగు సంఖ్యయో, మెడకు రంగు త్రాడో గుర్తుగ కట్టుడు. పుట్టిన తేది, తల్లి, తండ్రి, ఒంటరియా కవలయా, పుట్టినప్పటి బరువు, మూడు నెలల బరువు, తొమ్మిది నెలల బరువు వ్రాయుడు. ఉదయము మేతకు విడువక ముందే తూచుడు. నిండిన పొట్ట రెండు కిలోల అబద్ధము చెప్పగలదు.

పోల్చునప్పుడు న్యాయము పాటింపుడు. మగదానిని మగదానితోనే, ఒకే ఋతువున పుట్టినవానిని వానితోనే పోల్చుడు. వానకాలపు పచ్చమేతలో పెరిగిన పిల్లను ఎండకాలపు పిల్లతో పోల్చరాదు. కవల పిల్ల సగము పాలతో పెరిగినది కావున ఒంటరి పిల్లకన్న కొంచెము తేలికగ నున్నంతమాత్రమున తీసివేయరాదు. చదువుకొనిన పిల్లలు ఇంటిలో నున్నచో ఈ పుస్తకమును వారికి అప్పగింపుడు.

జాతి పోతును తెచ్చినప్పుడు

నాటు మందకు మేలు జాతి పోతును తెచ్చి తరతరము దాటించినచో మొదటి తరపు పిల్లలలో సగము, రెండవ తరమున ముప్పాతిక, మూడవ తరమున ఎనిమిదింట ఏడు వంతుల జాతి రక్తము చేరును. ఇందుకు ప్రతి తరమునకు అదే జాతికి చెందిన, బంధుత్వము లేని క్రొత్త పోతు కావలెను. ఒక ఏడాది జమునాపారి, మరుసటి ఏడాది బోయర్, ఆపై సిరోహి తెచ్చినచో మిగులునది మరల కలగలుపే.

మేతను బట్టి జాతిని కోరుకొనవలెను. కంప, ఆకు మేసి రోజంతయు తిరుగు మందకు తెలంగాణ మెట్ట ప్రాంతములలో ఉస్మానాబాదీ గాని, ఎంపిక చేసిన నాటు పోతు గాని తగును. పొట్టి మేకలకు చాల పెద్ద జాతి పోతును దాటించినచో తొలిచూలు మేకలకు ఈనుట కష్టము కావచ్చును. పెద్ద ఒడలికి పెద్ద మేత కావలెనని కూడ గుర్తుంచుకొనుడు.

ఒక ఎదిగిన పోతు 25 నుండి 30 ఆడమేకలకు చాలును. దాని కూతుళ్ళను అదే దాటకుండ చూడవలెను. లెక్క తేలికయే: చూలు ఐదు నెలలు, పుట్టిన ఆడపిల్ల ఎదకు వచ్చుటకు పది నెలలు. అనగా పోతును మందలో విడిచిన ఏడాది మూడు నెలలకే దాని కూతురు దాని ముందు నిలుచును. దగ్గరి రక్తము కలిసిన పిల్లలు బలహీనమై చచ్చుట ఎక్కువ. కావున కూతుళ్ళు ఎదకు రాకముందే పోతును మార్చుడు. దూరపు ఊరి రైతుతో పోతును మార్చుకొన్నచో ఇద్దరికిని ఖర్చు లేదు. మీరు ఎన్నుకొనని మగపిల్లలను మూడు నెలలు నిండగనే వేరు చేయుడు, లేదా పశువైద్యునిచే విత్తులు నొక్కింపుడు.

క్రొత్తగ కొన్న మేకను నేరుగ మందలో కలుపరాదు. మూడు నాలుగు వారములు వేరుగ కట్టి, దగ్గు, చీమిడి, పారుడు, చర్మరోగములు కలవేమో చూడుడు. పీపీఆర్ అను పారుడు రోగమునకు టీకా వేయించినారా అని అడుగుడు; లేనిచో వేయింపుడు. పోతుకు బ్రూసెల్లా రక్తపరీక్ష చేయించుట అవసరము. ఈ రోగము మేకలకు చూలు పోగొట్టుటయే గాక, మనుష్యులకును అంటి విడువని జ్వరమును తెచ్చును. మీ మండల పశువైద్యశాలలో ఈ విషయమై సలహా అడుగుడు.

ముగింపు

జ్ఞాపకముంచుకొనవలసినవి ఇవి:

1. ఒక్క చెవిని గాని, ఒక్క రంగును గాని చూచి జాతి పేరుకు ధర పెట్టకుడు.

2. కలగలుపు మేకలో అన్ని గుర్తులు, పుట్టిన చోటు, తోబుట్టువుల పోలిక కలిసినప్పుడే జాతి చెప్పవలెను. లేనిచో "పోలిక గలది" అని ఊరకుండవలెను.

3. పోతును తూకముతోను, తల్లి చరిత్రతోను, శరీర పరీక్షతోను ఎన్నుకొనుడు.

4. అన్నిటికన్న బాగుగ పెరిగిన మగపిల్లను అమ్మకుడు. అదే మీ రేపటి మంద.

5. బోడి పోతును బోడి మేకలకు విడువకుడు. కూతుళ్ళు ఎదిగిరాక ముందే పోతును మార్చుడు.

వరి విత్తనమునకు మంచి వెన్నులను ఏరి దాచుట మన రైతులకు ఎవరును నేర్పనక్కరలేదు. తాలుగింజలను విత్తి మంచి పంటకై ఎవరును ఎదురుచూడరు. మేకల దొడ్డిలోను ఆ తెలివినే పాటింపుడు. వచ్చు జాతరకు బేరగాడు మీ దొడ్డికి వచ్చి అన్నిటికన్న మంచి పోతు మీద చేయి వేసినప్పుడు, "అది తప్ప ఏదైనను తీసికొనుము" అని చెప్పుడు. మూడు నాలుగేండ్లలో ఆ మాట విలువ మీ త్రాసులోనే తెలియును.